ఇల్లు మెరక చేశాం... నేను చేసిన తప్పు మీరు చేయొద్దు



ఈసారి వరి గురించి కాదు, మినుము గురించి కాదు, ఇంటి గురించి రాస్తున్నా. మొన్న తుఫాను తగ్గాక మా వీధిలో ముగ్గురు వచ్చి "మీ హాల్లోకి ఈసారి నీళ్ళు రాలేదంట గదా, ఏం చేశావు" అని అడిగారు. ముగ్గురికీ మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఇక్కడ మొత్తం రాస్తున్నా. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 అంటే మా వైపు ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు. అప్పటికి నాకు ఏడేళ్ళు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, చెల్లెల్ని చంకనేసుకుని రామాలయం అరుగెక్కింది. తెల్లారి చూస్తే మా పూరిల్లు లేదు, గేదెలు రెండూ లేవు. రెండేళ్ళకి నాన్న అప్పో సప్పో చేసి డాబా కట్టాడు. ముందు వసారా, తర్వాత 18 అడుగుల పొడుగు 12 అడుగుల వెడల్పు హాలు, వెనక వంటకి చిన్న పాక. మేం హాలంటాం గానీ అమ్మ ఇప్పటికీ నట్టిల్లే అంటుంది. నాన్న ఊళ్ళో అందరికంటే పునాది ఎత్తు లేపాడంట. అప్పటి రోడ్డుకి రెండడుగుల పైన నేల. "ఇంత ఎత్తెందుకురా, గుర్రం మీద ఎక్కినట్టుంది" అని వాళ్ళూ వీళ్ళూ నవ్వితే, "ఇంట్లోకి నీళ్ళు రాకూడదు" అని ఒకటే మాట అనేవాడంట.

ఆ ఎత్తు ఏమైపోయిందో మీ అందరికీ తెలుసు, ఎందుకంటే మీ ఇళ్ళకీ అదే అయ్యుంటుంది. మట్టి రోడ్డు మీద కంకర పోశారు. కంకర మీద తారు వేశారు. గుంటలు పడితే మళ్ళీ దాని మీదే తారు. తర్వాత సిమెంటు రోడ్డు. ఎనిమిదేళ్ళకి అది పగిలితే దాని మీదే ఇంకో సిమెంటు రోడ్డు. పాతది గీకి తీసేసి అదే ఎత్తుకి వెయ్యమని మేం అడిగాం. ఎస్టిమేటులో లేదన్నారు. మనం కూడా ఏం చేస్తాం, రోడ్డు వస్తే చాలని కొబ్బరికాయ కొట్టాం. నలభై ఏళ్ళలో రోడ్డు మా హాలు నేలని దాటి నాలుగు అంగుళాలు పైకెళ్ళింది. ఇల్లు ఎక్కడిది అక్కడే ఉంది, ఊరే లేచింది.

మధ్యలో నేనూ కొన్ని తెలివితక్కువ పనులు చేశా. 1999లో వెనక రెండు గదులు కట్టినప్పుడు వాటిని హాలు కంటే 18 అంగుళాలు ఎత్తు లేపా. సిమెంటు రోడ్డు పడినప్పుడు వసారాని మాత్రం ఆరంగుళాలు పెంచా. దాంతో ముందు ఎత్తు, వెనక ఎత్తు, మధ్యలో హాలు పళ్ళెంలాగా అయింది. వీధిలోంచి వస్తే దిగాలి, వెనక్కి వెళ్ళాలంటే ఎక్కాలి. కొత్తగా వచ్చినవాళ్ళు గడప దగ్గర ఒక్కసారి తూలేవాళ్ళు. మేం నవ్వేవాళ్ళం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల టైము. ఆ పదిరోజులు మనందరం ఏం పడ్డామో మళ్ళీ రాయను. నేను అప్పటికే నూర్చిన ధాన్యం కొంత తెచ్చి హాల్లో నెట్టు కట్టా, ఇంట్లో ఉంటే భద్రం అని. రాత్రి తొమ్మిదింటికి రోడ్డు మీద నీళ్ళు వసారా ఎక్కాయి. వసారా ఎక్కినవి హాల్లోకి దిగాయి. దిగినవి ఇక ఎటూ పోలేదు, పళ్ళెం కదా. కింద వరసలో 14 బస్తాలు తడిసి మొలకొచ్చాయి. అది పోతే పోయింది. అమ్మ మాత్రం ఆ రాత్రి మంచం మీద కాళ్ళు పైకి లాక్కుని తెల్లవార్లూ కూర్చునే ఉంది. "పడుకోవే" అంటే "నువ్వు పడుకో" అంది. ఆ రోజు నుంచి మబ్బు పట్టినా చాలు, ఆమెకి నిద్ర లేదు. మొగుడు ఎత్తుగా కట్టిన ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి అన్నది ఆమెకి మింగుడు పడలేదు.

అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి "కూలగొట్టి కొత్తది కడదాం నాన్నా, లోను పెడదాం" అన్నాడు. లెక్క వేయిస్తే పాతిక లక్షల దగ్గర తేలింది. మూడెకరాల రైతుని, నావల్ల కాదు. జాకీలు పెట్టి ఇల్లు మొత్తం లేపేవాళ్ళు ఉన్నారని తెలిసి ఒకళ్ళని పిలిచా. అడుసుతో కట్టిన గోడలు, కింద బీము లేదు. వాళ్ళ మనిషి గోడ గీకి చూసి తల అడ్డంగా ఊపి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది హాలు నేల మెరక చేయడం. వెనక గదుల నేలకి సమానంగా 18 అంగుళాలు లేపితే, రోడ్డుకి 14 అంగుళాలు పైన ఉంటాం. ఇంతవరకు ఆలోచన సరైనదే.

ఇప్పుడు తప్పు సంగతి.

2024 ఏప్రిల్. మినుము తీసేసిన చేను ఎండిపోయి ఉంది. మేస్త్రి "బుసక తోలించు అన్నయ్యా" అన్నాడు. బుసక అంటే మా వైపు ఏటి ఒండ్రు ఇసుక. ట్రక్కు ఇంత అని చెప్పారు. నాకు మనసొప్పలేదు. సొంత చేలో మట్టి ఉండగా మట్టి కొనడమేంటి? గట్టు పక్క ఎత్తుగా ఉన్న చోట గీకించి నాలుగు ట్రక్కులు నల్లమట్టి తోలా. డీజిలు ఖర్చే. మేస్త్రి "నల్లమట్టి వద్దు" అని ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. డబ్బులిచ్చేవాడికి రెండోసారి ఎవరు చెప్తారు?

పెళ్ళలు పెళ్ళలుగా ఉన్న మట్టి ఒకేసారి పోసి, పైన నాలుగు దెబ్బలు దిమ్మిస కొట్టించా. నాలుగు అంగుళాల బెడ్డు వెయ్యమంటే రెండు చాలన్నా. పదిరోజులు తిరక్కముందే టైల్సు పరిపించా. అంతా కలిపి నలభై వేలలో అయిపోయిందని ఊరంతా చెప్పుకున్నా కూడా.

ఇంకో పని చేశా. అది రాయాలంటేనే చెయ్యి రావట్లేదు. ద్వారబంధం ఏడడుగులది. నేల 18 అంగుళాలు లేస్తే ఐదున్నర అడుగులు మిగుల్తుంది. ద్వారబంధం పీకి పైకి లేపాలంటే గోడ పగలగొట్టాలి, లింటెలు మార్చాలి, ఖర్చు. నేను దాన్ని కదపలేదు. గడప అలాగే ఉంచి దాని మీద మట్టి పోసేశా. నాన్న పెట్టించిన టేకు గడప, అమ్మ నలభై ఐదేళ్ళు ప్రతి శుక్రవారం పసుపు రాసిన గడప. అమ్మ ఏమీ అనలేదు. ఆ శుక్రవారం పొద్దున పసుపు గిన్నె పట్టుకుని వచ్చి, టైల్సు వంక కాసేపు చూసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను చూశా. చూడనట్టు బయటికి వెళ్ళా.

వానాకాలం వచ్చింది. సెప్టెంబరు వానలకి రోడ్డు వైపు గోడ పక్కన టైల్సు ఉబ్బాయి. అరచెయ్యి పెడితే తెలిసేంత. గోడలు రెండడుగుల ఎత్తు వరకు చెమ్మ పట్టి ఉప్పు పొంగాయి, సున్నం పెచ్చులు రాలింది. సంక్రాంతి దాటాక ఎండలు మొదలయ్యేసరికి ఉబ్బింది కాస్తా కుంగింది. టైల్సు కింద డొల్ల. నడిస్తే టక టక మని చప్పుడు. మధ్యలో బెడ్డు నిలువునా చీలింది.

సోదరులారా, నవ్వకండి. నల్లమట్టి తడికి పొంగుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఇది మనకి ఎవరో చెప్పాలా? మార్చిలో చేలో నెర్రె చూసి ఇంకెన్ని రోజులకి తడి పెట్టాలో చెప్పగలను నేను. నెర్రెలో కాలు ఇరుక్కుని పడ్డవాణ్ణి. అదే మట్టిని తెచ్చి ఇంట్లో పోసి, పైన టైల్సు వేసి కూర్చోమంటే కూర్చుంటుందా? టైల్సు కిందికెళ్ళినా మట్టి మట్టే. పొడి మట్టి పోశాం, కింద నుంచి, పక్క నుంచి తడి పీల్చుకుని లేచింది. గోడ పక్కన తడి ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ లేచింది, మధ్యలో తక్కువ. ఒక్క తీరున లేచినా బాగుండేది. పంటకి బంగారం లాంటి మట్టి, ఇంటి కింద శత్రువు.

2025 ఫిబ్రవరిలో ఒకరోజు చీకటితో అమ్మ లేచి వస్తూ, లేచిన టైలు అంచుకి కాలు తగిలి పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు. 78 ఏళ్ళ మనిషి, ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది. ఎవరైనా పలకరించడానికి వస్తే "కళ్ళు కనపడక పడ్డా" అని చెప్పేది. టైలు సంగతి ఒక్కరికీ చెప్పలేదు. అప్పులవాడు తిట్టినా అంత బాధ ఉండదు.

వేసవిలో మొత్తం పీకించా. ముగ్గురు మనుషులు నాలుగు రోజులు ఆ మట్టి బయటికి మోశారు. ఏ చేను నుంచి తెచ్చానో ఆ చేలోకే తోలా. గడప బయటపడింది. పడింది అనడానికి పైన చెక్క పొర ఒకటే ఉంది, చేత్తో నొక్కితే లోపలికి వెళ్ళిపోయింది. ఏడాదిలో చెద తినేసింది. నిలువు కమ్ములు కింద జానెడు మాత్రం పోయాయి, పైన బాగానే ఉన్నాయి.

ఒక మూల పాత నాపరాయి పలుగు తగిలి పగిలింది. దాని కింద చూస్తే తెల్లగా ఇసుక. పలుగు దింపితే అడుగున్నర లోతు వరకు ఇసుకే. మేస్త్రి నా మొహం చూశాడు. అమ్మని అడిగా. "మీ నాన్న ఎడ్లబండి మీద ఏటి నుంచి తోలాడురా, నలభై బళ్ళు. ఊళ్ళో మట్టి పొయ్యకూడదని అప్పట్లో పెద్ద మేస్త్రి చెప్పాడు" అంది. "మరి పోయినేడు చెప్పలేదేమే" అన్నా. "నువ్వు అడగలేదుగా" అంది.

అదీ సంగతి. నలభై ఐదేళ్ళు ఆ నేల ఒక్క పగులు లేకుండా ఎందుకుందో, జవాబు నా కాళ్ళ కిందే ఉంది. నేను దాని మీద నాలుగు ట్రక్కుల నల్లమట్టి పోశా.

రెండోసారి ఎలా చేశామో వరసగా చెప్తా. ఎవరికైనా పనికొస్తుంది.

ముందు గోడలు. హాలు లోపల పాత సున్నం మొత్తం కొత్త నేల కంటే అడుగు పైవరకు గీకేశాం. నీరు పట్టకుండా ఉండే మందు కలిపి సిమెంటు ప్లాస్టరింగు చేసి, ఆరాక నల్ల తారు పెయింటు రెండు పూతలు కొట్టాం, మట్టిలో పూడిపోయే భాగం వరకు. అడుసు గోడకి కొత్తగా పోసిన మెరక ఆనుకుంటే ఆ చెమ్మ గోడ పీలుస్తుంది. మొదటిసారి ఉప్పు పొంగింది అందుకే.

తర్వాత శుభ్రం. చెక్క ముక్క, గడ్డి, వేరు, సిమెంటు సంచి కాగితం ఏదీ కింద ఉంచకూడదు. ఉంచితే చెదకి విందు పెట్టినట్టే. చెద మందు సీసా మీద రాసిన మోతాదు ప్రకారం గోడల పక్కన, నేల మీద కొట్టించాం. చేలో కొట్టేటప్పుడు ఎలా జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే, ఇంకా ఎక్కువ. మనుషుల్ని రెండు రోజులు వెనక గదుల్లోనే ఉంచా.

మెరక లెక్క. 18 అంగుళాల్లో బెడ్డుకి 4, టైల్సుకీ కింద మాలుకీ కలిపి 2 పోతే, పొయ్యాల్సింది 12 అంగుళాలు. 18 అడుగులు ఇంటూ 12 అడుగులు ఇంటూ ఒక అడుగు, 216 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే దిగుతుంది కాబట్టి పావు వంతు ఎక్కువ తోలించాలి. అంటే 270. వంద అడుగుల ట్రక్కు మూడు. చూడండి, మూడు ట్రక్కుల బుసక దగ్గర కక్కుర్తి పడ్డా నేను.

ఒకేసారి పొయ్యలేదు. ఆరంగుళాలు పోసి, పైపుతో తడిపి, దిమ్మిస కొట్టి, మళ్ళీ ఆరంగుళాలు. ఇసుక మెరకకి నీళ్ళు నిలవ కట్టి దించడం కూడా చేస్తారు గానీ, మా గోడలు అడుసువి కాబట్టి దమ్ముకి కట్టినట్టు నీళ్ళు కట్టలేదు, తడి పొడిగా తడిపాం. గోడ పక్కన చేత్తో నెమ్మదిగానే కొట్టాం, మిషను పెట్టలేదు. పాత గోడ అదురుతుంది.

దాని మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచాం, కళ్ళంలో బరకం పరిచినట్టు, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా, గోడ దగ్గర పైకి మడిచి. కింద చెమ్మ పైకి రాకుండా. దాని మీద 1:4:8 పాళ్ళలో నాలుగు అంగుళాల బెడ్డు. వారం రోజులు రెండు పూటలా తడిపా. టైల్సు మూడు వారాల తర్వాతే.

అసలు ఖర్చు ఎక్కడో తెలుసా? ద్వారాలు, కిటికీలు. నేల లేపితే అన్నీ పొట్టివైపోతాయి. రెండు ద్వారబంధాలు, రెండు కిటికీలు పీకి, పైన స్లాబుకి ఇనుప సపోర్టులు పెట్టి, ఒక్కొక్క చోటే గోడ కోసి, కొత్త లింటెలు పోసి పైకెక్కించాం. ఒకేసారి నాలుగు చోట్లా కొయ్యకూడదు, అది గుర్తుపెట్టుకోండి. స్విచ్చి బోర్డులు నాలుగడుగుల ఎత్తులో ఉన్నవి రెండున్నరకి వస్తాయి, పిల్లలున్న ఇంట్లో అవీ పైకి మార్చాలి. స్లాబు మాకు 11 అడుగుల ఎత్తు కాబట్టి తొమ్మిదిన్నర మిగిలింది, ఫ్యానుకి ఇబ్బంది లేదు. మీ స్లాబు తొమ్మిదడుగులే అయితే ఈ పనికి దిగేముందు బాగా ఆలోచించండి. వసారాని కూడా పెంచి, నీళ్ళు రోడ్డు వైపు జారేలా వాటం పెట్టించా. రెండు మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలు.

మొత్తం లక్షా అరవై వేలు. అందులో సగం పైన ద్వారాలు, కిటికీలకే. మొదట పోగొట్టుకున్న నలభై, అమ్మ చేతికి అయిన ఖర్చు వేరే. చేతిలో ఉన్నది పోను సొసైటీలో బంగారం పెట్టా, ఇంకా విడిపించలేదు. బుసక మిగుల్చుకుందామనుకున్నది ఎంతో తెలుసా? ఆరేడు వేలు.

గడప కొత్తది చేయించాం. నిలువు కమ్ములు నాన్నవే, కింద పోయిన జానెడు కోయించి సరిచేశారు. కొత్త గడప పెట్టిన రోజు అమ్మ వచ్చి కుడి చేత్తోనే పసుపు రాసింది. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు, బొటనవేలు కాస్త వంకర. రాస్తూ రాస్తూ "రోడ్డుకి ఎంత ఎత్తుందిరా" అంది. 14 అంగుళాలన్నా. "మళ్ళీ రోడ్డు వేస్తే?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? ఈసారి మా వీధికి రోడ్డు వస్తే కొబ్బరికాయ కొట్టేముందు పాతది గీకమని అడ్డంగా నిలబడదామని పదిమందిమి అనుకున్నాం. మీరూ అనుకోండి. రోడ్డు పడ్డాక అర్జీలు పెట్టి లాభం లేదు.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను. కరెంటు సాయంత్రమే పోయింది. హాల్లో అమ్మ మంచం, పక్కన నా మంచం. గాలి ఎక్కువైనప్పుడు "నీళ్ళు ఎక్కడున్నాయిరా" అంది. టార్చి తీసుకుని తలుపు సందులోంచి చూశా. కింద మెట్టు సగం వరకు ఉన్నాయి. "మొదటి మెట్టు దాటలేదమ్మా" అన్నా. "ఊ" అంది. దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి గురక వినపడింది.

ఆ రాత్రి మేలుకుని ఉన్నది నేనే. గంటకోసారి లేచి మెట్టు చూశా. తెల్లవారుజామున తీసింది.

చేలో వరి పడిపోయింది, దాని గురించి ఇంకోసారి రాస్తా.

ఇల్లు మెరక చేసే ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక్కటే మాట. మట్టి ఊరికే వస్తుందని పొయ్యకండి. మేస్త్రి ఒకసారి వద్దంటే రెండోసారి కూడా మీరే అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అందరికంటే ముందు వాళ్ళని అడగండి, ఆ ఇంటి కింద ఏముందో వాళ్ళకి తెలుసు. మీ ఊళ్ళో ఇంతకంటే మంచి పద్ధతి ఉంటే చెప్పండి, నేర్చుకుంటా.

ఉంటాను.